వదిన కుట్టిన వానకోటు

కుట్టుగది,
వీధి కిటికీ పక్కన

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం, నీ ఫోటో అందాయి. ఫోటోలో ఉన్నది నువ్వేనని మీ అన్నయ్య ప్రమాణం చేస్తే నమ్మాను. నెత్తిన బోర్లించిన గిన్నె, కళ్ళకి నల్లద్దాలు, చేతులకి వేళ్ళు తెగ్గోసిన తొడుగులు, మోకాళ్ళకి చిప్పలు. ఇంతకీ నువ్వు సైకిలు మీద పనికి వెళ్తున్నావా, యుద్ధానికి వెళ్తున్నావా?

బస్సు ఆపేశారని సైకిలు కొన్నావు. బాగానే ఉంది. ఈ వయసులో ఆ ధైర్యం వచ్చినందుకు మెచ్చుకుందామనే కూర్చున్నాను. అంతలో నువ్వు కొన్న సామాన్ల జాబితా చదివి వినిపించాడు మీ అన్నయ్య. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదేనమ్మా. లోపల దిండు కుట్టిన నిక్కరు గురించి ఏకంగా రెండు పేరాలు రాశావు. అది చదువుతుంటే మీ అన్నయ్య సిగ్గుపడ్డాడు, నువ్వు మాత్రం పడలేదు. మా నాన్న బతికినంతకాలం మిల్లుకి సైకిలు మీదే వెళ్ళాడు. ఆయనకున్న సరంజామా అంతా కలిపి ఒక ప్యాంటు క్లిప్పు. అదీ చైన్ నూనె అంటకుండా ఉండటానికి.

ఇక నీ వానకోటు సంగతి. బజార్లో కొన్న ప్లాస్టిక్ కోటులో చెమటతో తడిసి ముద్దవుతున్నానని ఏడ్చావు. వాన తప్పించుకోవడానికి చెమటలో స్నానం చేసే మనిషిని నిన్నే చూశాను. దర్జీ వదినని ఇంట్లో పెట్టుకుని బజారుకి పోయినందుకు ఆ శాస్తి జరగాల్సిందే. కొలతలు పంపు. ఈసారైనా నడుము దగ్గర అబద్ధాలాడకు.

ఫోన్ మాత్రం చెయ్యకు. మనం పోట్లాడుకుంటుంటే మీ అన్నయ్య మధ్యలో దూరి రాజీ చేసేస్తాడు, సరదా పోతుంది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతే మనకి నయం. బట్ట వెళ్తుంది, దాని జేబులో ఉత్తరం వెళ్తుంది.

నీ మంచి కోరే
వదిన


కట్టుడుపళ్ళ ల్యాబ్, మూడో అంతస్తు,
మధ్యాహ్నం భోజనాల వేళ

మహారాజశ్రీ వదినగారికి,

ఎదురుగా ఎవరివో ఇరవై ఎనిమిది పళ్ళు మైనంలో నవ్వుతున్నాయి. నీ ఉత్తరం చదివాక అవి నన్ను చూసే నవ్వుతున్నాయని అనుమానం వచ్చింది.

మీ నాన్నగారి క్లిప్పు కథ నేను వినడం ఇది ఎన్నోసారో నాకే గుర్తు లేదు. ఆయన తొక్కిన రోజుల్లో ఎదురొస్తే మరో సైకిలు ఎదురొచ్చేది. తగిలితే ఇద్దరూ దిగి క్షేమసమాచారాలు అడుక్కునేవారు. ఇప్పుడు ఎదురొచ్చేవి లారీలు. అవి క్షేమసమాచారాలు అడగవు. ఇల్లు కదలకుండా మిషన్ తొక్కేవాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయిలే.

ఇక్కడ కూడా గౌరవం ఏమంత లేదు. మా యజమాని నన్ను సర్కస్ అని పిలుస్తున్నాడు. నేను మెట్లెక్కి వచ్చి, హెల్మెట్ తీసి, చెమట బట్టలు మార్చుకుని, పని బల్ల ముందు కూర్చునేదాకా పని మానేసి చూస్తారు అందరూ. ఆయన మాత్రం సందు చివరి ఇంటి నుంచి కారులో వస్తాడు, వచ్చి ఆయాసపడతాడు.

కొలతలు కింద రాశాను. నడుము కొలత నిజమే, నీ ఇష్టమొచ్చినట్టు నవ్వుకో.

ఒక్క మాట మాత్రం వేళాకోళం చెయ్యకుండా విను. పొద్దున వెళ్ళేటప్పుడు వెలుతురు ఉంటుంది. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. వంతెన దిగాక గోడౌన్ల మలుపులో ఒక్క దీపం ఉండదు. వాన పడితే నా చెయ్యి నాకే కనపడదు, వెనకొచ్చే బండివాడికి నేనేం కనపడతాను? అందుకే ఈ రేడియం టేపు చుట్ట పంపుతున్నాను. చూడటానికి బూడిదరంగు నాడాలా ఉంటుంది కానీ బండి దీపం పడిందంటే భగ్గున మెరుస్తుంది. వీపు మీద అడ్డంగా రెండు పట్టీలు, చేతులకి ఒక్కోటి, కాలర్ కింద ఒకటి వెయ్యి. మిగతాదంతా నీ ఇష్టం, టేపు ఒక్కటీ నా మాట.

చెమటలో స్నానం చేస్తున్న
మరదలు


కుట్టుగది,
వానలు మొదలయ్యాక

మరదలు పిల్లకి,

ఇదిగో నీ కోటు. తొడుక్కునే ముందు కాళ్ళు కడుక్కో, అంత పవిత్రంగా కుట్టాను. ముదురు నీలం బట్ట, దానికి సరిపోయే దారం. చంకల కింద గాలి ఆడటానికి కన్నాలు వదిలాను, వెనక పొడుగు పెంచాను. సైకిలు మీద వంగితే నడుము బయటపడి ఊరంతా చూడకుండా. బజారు కోట్లు కుట్టేవాళ్ళకి మనిషి వంగుతాడని తెలియదు, వాళ్ళు బొమ్మలకి తొడిగి చూసుకుంటారు.

నీ రేడియం టేపు నువ్వు చెప్పిన ప్రతి చోటా వేశాను. ఏ వైపు చూసినా బూడిదే. ఇది మెరుస్తుందని నీ చెవిలో ఎవరో పువ్వు పెట్టారు. అయినా అడిగావు కదా అని మూతి ముడుచుకుని కుట్టాను.

మీ అన్నయ్య రిటైరయ్యాక పనేమీ లేక నా పక్కన స్టూలేసుకుని కూర్చుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించడం నేర్పాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న మొదటి పని అది. ఆసుపత్రి వాళ్ళ యూనిఫాంలు ఈ ఏడాది వద్దన్నాను. అన్నీ తెలుపే, పొద్దస్తమానం తెలుపు చూస్తే తలనొప్పి వస్తోంది. ఎవరైనా కుట్టుకోనీ.

కోటు బాగుందని రాయి. బాగాలేదని రాసినా నమ్మనులే.

వదిన


మూడో అంతస్తు,
భోజనాలయ్యాక

వదినా,

ఉలిక్కిపడకు, టైపు ఉత్తరమే. ల్యాబ్‌లో కొత్త ప్రింటరు పెట్టారు. అందరూ దాని మీద మోజు తీర్చుకుంటున్నారు, నేనూ తీర్చుకుంటున్నాను. అక్షరాలు ఇంత లావుగా ఎందుకొచ్చాయని అడగకు, చిన్నవి చెయ్యడం ఇంకా చేతకాలేదు.

కోటు తొడుక్కున్నాను. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే పొడుగు. నాకు రెండు చేతులూ ఒకే పొడుగని మా అమ్మ చెప్పేది, ఆవిడ పొరపడి ఉంటుంది. కాలర్ మెడని కోస్తోంది. కాజాల గురించి ఏం చెప్పను? ఒక గుండీకి కాజా లేదు, ఒక కాజాకి గుండీ లేదు. రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ నా పొట్ట మీద తిరుగుతున్నాయి. వాన చుక్క మాత్రం లోపలికి రాలేదు, అది ఒప్పుకుంటాను.

ఒక చిన్న సంగతి. కుడి మోచేతి దగ్గర కోటు చిరిగింది. చైన్ జారితే ఎక్కించబోయాను, అందులో ఇరుక్కుంది. తప్పు నాదే. సైకిలుకి కూడా నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చాను. కింది వాటా ఆవిడ స్కూటర్ మీద దింపుతోంది. దారి పొడుగునా తన అత్తగారి గురించి చెబుతుంది. దానికంటే లారీలే నయం.

మరదలు


కుట్టుగది,
దీపాలు పెట్టే వేళ

మరదలు పిల్లకి,

టైపు ఉత్తరం చూసి కోర్టు నోటీసేమో అని మీ అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మనుషులు మనుషులకి చేత్తో రాస్తారు. నీకు పళ్ళు చెక్కీ చెక్కీ ఆ సంగతి మరుపొచ్చింది.

నా కాజాలకి వంక పెట్టావు. ఈ కాజాలు చూసి పెళ్ళికొడుకులు సూట్లు కుట్టించుకున్నారు. నీ పొట్ట మీద కాజా, గుండీ కలవకపోతే అది నా తప్పు కాదు, నీ నడుము కొలత తప్పు. నేను ముందే అన్నాను.

చైన్‌లో మోచెయ్యి ఎలా పడింది? సైకిలు కింద పడుకుని తొక్కుతున్నావా? ఎన్నో సైకిళ్ళ చైన్లు నమిలిన బట్టలు బాగుచేశాను. కాలు దగ్గర నమిలింది చూశాను, అంచు నమిలింది చూశాను. మోచెయ్యి మాత్రం నీ దగ్గరే విన్నాను. ఏదైతేనేం, పంపు. నా చేతి బట్టని ఇంకో దర్జీ ముట్టుకోవడానికి వీల్లేదు.

అక్షరాల లావు మాత్రం మార్చకు. దర్జాగా ఉన్నాయి. ఈ ఒక్క ఉత్తరం మీ అన్నయ్య సాయం లేకుండా చదువుకున్నాను.

వదిన


మూడో అంతస్తు,
ఎడతెగని వానలో

వదినా,

కోటు పంపుతున్నాను. ఉతికే పంపుతున్నాను, ముక్కు మూసుకోకు.

ఇప్పుడు నేను చెప్పబోయేది నీకు నచ్చదు. కుర్చీ లాక్కుని కూర్చో.

ముదురు నీలం బట్టకి సరిపోయే దారం అన్నావు. ఆకుపచ్చ దారం వేశావు వదినా, చిలకపచ్చ. కాజాలకి ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో ఆపావు. ఫోటోలో నన్ను అన్నయ్య చెబితే గానీ గుర్తుపట్టలేదు. నా ఉత్తరాలు అన్నయ్య చదివి వినిపిస్తున్నాడు. లావు అక్షరాలైతే నువ్వే చదువుకున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తెల్లబట్ట చూస్తే తలనొప్పి అంటావు. ముప్ఫయ్యేళ్ళు నిద్రపోయిన మా అన్నయ్య ఉన్నట్టుండి సూదిలో దారం ఎందుకు ఎక్కిస్తున్నాడు? ఆయనకి అంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?

నీకు ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా కనపడటం లేదు? నాతో దాగుడుమూతలాడకు. నీకు ఆ ఆట కూడా రాదు.

మరదలు


కుట్టుగది

నీ నోరు పడిపోను.

పది రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఫోన్ చేస్తావు, మీ అన్నయ్య మొత్తం చెప్పేస్తాడు. అందుకని రాస్తున్నాను. గీతలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కితే ఎక్కనీ, నీకు తెలిసిపోయాక ఇంక దాచేదేముంది.

అవును. కనపడటం లేదు. పోయిన చలికాలం నుంచి. దీపం చుట్టూ సున్నం చల్లినట్టు ఉంటుంది, మనుషులు ఆవిరి పట్టిన అద్దంలోంచి వస్తున్నట్టు వస్తారు. ఆసుపత్రి యూనిఫాంలు నేను వద్దనలేదు, నేను కుట్టినవన్నీ వాళ్ళే తిరిగి మూట కట్టి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. ఒక మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

డాక్టరు శుక్లాలన్నాడు, రెండు కళ్ళకీ. ఆపరేషన్ చేస్తే సరిపోతుందన్నాడు. మా అమ్మకీ ఇలాగే చెప్పారు. చేశారు, ఉన్న కన్ను కాస్తా పోయింది. చనిపోయేదాకా గోడ పట్టుకుని నడిచింది. నాకు భయంగా ఉంది. ఈ మసకలో కనీసం తిన్నటి అంచులు కుట్టుకోగలను, వేళ్ళకి అలవాటుంది. అది కూడా పోతే నేను దేనికి పనికొస్తాను? వంట కూడా మీ అన్నయ్యే నాకంటే బాగా చేస్తాడు.

నీ కోటు పార్శిల్ విప్పలేదు. విప్పితే బాగుచెయ్యాలి.

ఎవరికీ చెప్పకు.

వదిన


మూడో అంతస్తు

వదినా,

మీ నాన్నగారి క్లిప్పు, మీ అమ్మగారి ఆపరేషన్, రెండూ ఒకే కాలం నాటివి. ఆ రోజుల్లో కట్టుడుపళ్ళు పెట్టించుకున్నవాళ్ళు తుమ్మితే పళ్ళు ఎదుటివాళ్ళ ఒళ్ళో పడేవి. ఇప్పుడు మేము చేసేవి చెరుకు కొరుకుతున్నాయి. పళ్ళే అంత మారితే కళ్ళు మారకుండా ఉంటాయా? మా ల్యాబ్ వాచ్‌మన్‌కి పోయిన నెల చేశారు. ఇప్పుడు నేను ఆలస్యంగా వస్తే గోడ గడియారం చూపించి మరీ చెబుతున్నాడు, అదొక్కటే నష్టం.

తిన్నటి అంచులు కుట్టుకుంటావా? నీ అంచులు ఎలా ఉన్నాయో తొడుక్కున్నదాన్ని నాకు తెలుసు, నీకు తెలియదు.

నువ్వు ఆపరేషన్ చేయించుకుని నా కోటు బాగుచేసి పంపితే ఇంక జన్మలో బజారు బట్ట ముట్టుకోను, రాసిస్తాను. చేయించుకోలేదో, ఆ చిలకపచ్చ కుట్ల కోటు వేసుకుని మీ వీధిలో ఇంటింటికీ వెళ్తాను. ఎవరు కుట్టారమ్మా అని అడిగితే మా వదినే అని చెబుతాను. నా సంగతి నీకు తెలుసు.

భయపడు, పర్వాలేదు. భయపడుతూనే వెళ్ళు.

నేను రాలేను, పని ఒత్తిడి. అన్నయ్యని తీసుకెళ్ళు. దారం ఎక్కించినవాడు చెయ్యి పట్టుకోలేడా?

మరదలు


కుట్టుగది,
పొద్దున ఎండలో

మరదలు పిల్లకి,

ముందు కుడి కన్ను చేశారు, తర్వాత ఎడమ కన్ను. కట్టు విప్పి ఎలా ఉందమ్మా అని డాక్టరు అడిగితే, మీ కోటుకి రెండో గుండీ వేలాడుతోంది, ఊడకముందే కుట్టించుకోండి అన్నాను. ఆయన నవ్వాడు. నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో నీకు చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి చూస్తే ఇల్లంతా బూజు. మీ అన్నయ్య రోజూ దులుపుతున్నానని చెబుతూ వచ్చాడు. ఆయన ముఖం చూసి ఎవరీ ముసలాయన అని అడిగాను, ఇంకా అలిగే ఉన్నాడు. నీ ఫోటో మళ్ళీ తీసి చూశాను. ఆ గిన్నె కింద జుట్టు ముగ్గుబుట్ట అయిందని ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదేం?

తర్వాత పార్శిల్ విప్పాను.

చిలకపచ్చ దారం చూశాను. ఆ కాజాలు చూశాను. నవ్వాను, సిగ్గుపడ్డాను. ఆ తర్వాత నవ్వలేదు. చైన్ నమిలితే బట్టకి నూనె అంటుతుంది, పళ్ళ గాట్లు పడతాయి. ఈ చిరుగులో నూనె లేదు. మోచేతి నుంచి భుజం దాకా బట్ట అరిగి పోగులు లేచింది, పోగుల్లో కంకర పొడి ఇరుక్కుంది. లోపలి లైనింగ్ మీద గోధుమరంగు మరక ఉంది. రక్తం మరకని వేడినీళ్ళలో ఉతుకుతారా ఎవరైనా, మొద్దుమొహమా? చన్నీళ్ళలో నానబెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను నీకు?

టైపు ఉత్తరాలు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. ఏ బండో గుద్ది పడేస్తే విరిగింది కుడి చెయ్యే కదా. ఆ చెయ్యి మెడకి కట్టిన పట్టీలో వేలాడేసుకుని నాకు పని ఒత్తిడి అని రాశావు.

అయినా అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. వీపు మీద టేపు లేదు, సూది రంధ్రాలు ఉన్నాయి. ఎందుకు ఊడబీకావో తెలియలేదు. కాలర్ తిప్పితే కింద ఒక్క ముక్క మిగిలింది, ఊడబీకడం మర్చిపోయావు. చుట్టలో మిగిలిన టేపు తెచ్చి పక్కన పెట్టాను. తలుపులు మూసి మీ అన్నయ్యని టార్చి వెయ్యమన్నాను. చుట్టలో టేపు భగ్గుమంది. నేను కుట్టిన ముక్క గోనెపట్టా లాగా అలాగే ఉండిపోయింది.

తిరగేసి కుట్టాను. అన్ని పట్టీలూ తిరగేసే కుట్టాను. వెనకొచ్చే బండివాడికి కనపడటానికి ఒక్క మాట వినమని అడిగావు. దాన్ని బోర్లా కుట్టి, జేబులో ఉత్తరం పెట్టి, ఆ చీకటి మలుపులోకి నా చేత్తో నేనే నిన్ను పంపించాను.

ఒకటి చెబుతాను విను. కాలర్‌ని తిట్టావు, కాజాలని తిట్టావు, చెయ్యి పొడుగుని తిట్టావు, మా నాన్న క్లిప్పుని తిట్టావు. నిన్ను చంపబోయిన ఆ టేపుని మాత్రం ఒక్క మాట అనలేదు. నేను బాధపడతానని కూర్చుని, విరిగిన చెయ్యి పెట్టుకుని, ఒక్కో కుట్టూ విప్పి దాచావు. నా మూట గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయిన ఆసుపత్రి వాళ్ళకీ నీకూ తేడా ఏముంది? వాళ్ళు నన్ను తిట్టలేదంటే నేను ఇంక పనికిరానని. నువ్వు కూడా తిట్టడం మానేస్తే నాకు ఎవరున్నారు? ఇంకోసారి నా తప్పు దాచావంటే నీకు గుడ్డపేలిక కూడా కుట్టను.

పాత కోటు బాగుచెయ్యలేదు, ముక్కలు చేసి మసిగుడ్డలకి వాడుతున్నాను. ఇది కొత్తది. దారం నేనే ఎక్కించుకున్నాను. టేపు వీపు మీద నాలుగు వరసలు వేశాను, చేతులకి, కాలర్‌కి, అంచుకి కూడా వేశాను. నా కుట్టు మీద నాకే నమ్మకం లేక మీ అన్నయ్యకి తొడిగి, మునిమాపువేళ వీధి చివర నిలబెట్టి, గుమ్మంలోంచి టార్చి వేశాను. కనపడ్డాడు. ఆయన్ని అంత బాగా నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

గిన్నె పెట్టుకో, చిప్పలు కట్టుకో, దిండు నిక్కరు కూడా వేసుకో. ఇంక నవ్వను. నవ్వినా వేసుకో.

జవాబు చేత్తో రాయి. ఎంత వంకరగా ఉన్నా, ఎంత చిన్న అక్షరాలైనా ఇప్పుడు చదువుకోగలను.

వదిన


మూడో అంతస్తు,
పొద్దున పని మొదలుపెట్టకముందు

వదినా,

మణికట్టు ఇంకా మాట వినడం లేదు, రాత ఇంతే. నిన్న సాయంత్రం గోడౌన్ల మలుపులో వెనక లారీవాడు వేగం తగ్గించి, నన్ను దాటేదాకా దూరంగా ఉన్నాడు. దాటాక తల బయటపెట్టి, ఏంటమ్మా ఆ వెలుగు, పెళ్ళి ఊరేగింపా అని అడిగాడు. మా వదిన కుట్టింది అన్నాను.

ఆ టేపు తిరగేసి కుట్టడం కంటే గుడ్డితనం ఇంకోటి ఉండదు, దర్జీనని ఎవరితోనూ చెప్పుకోకు.

ఎడమ చంక దగ్గర బిగుతుగా ఉంది. కాజాలు మాత్రం బాగున్నాయి, ఎవరిచేత కుట్టించావు?

మరదలు